కుక్క అన్న తిట్టే పేరైంది: 'సినిక్' అనే మాట పుట్టుక
(కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



ఈ పూట ఒక్క మాట గురించే మాట్లాడతాం. అది మన మాట కాదు, ఇంగ్లీషు మాట. ఆ మాటకొస్తే ఇంగ్లీషువాళ్ళది కూడా కాదు. రెండువేల నాలుగు వందల ఏళ్ళ కిందట గ్రీకు దేశంలో పుట్టిన మాట. 'సినిక్'.

ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. ఆఫీసుకి పోయి లెక్క అడిగినవాణ్ణి, మీటింగులో లేచి నిలదీసినవాణ్ణి చూసి చదువుకున్న పెద్దమనిషి ఒక నవ్వు నవ్వి, మరీ అంత సినికల్‌గా ఉండకూడదయ్యా అంటాడు. అంతే. అడిగినవాడి నోరు పడిపోతుంది. అర్థం తెలిసిన తిట్టయితే తిరిగి తిట్టొచ్చు. అర్థం తెలియని తిట్టు తగిలితే ఎక్కడ తగిలిందో కూడా తెలియదు. అందుకే ఈ మాట ఎవరిది, ఎవరి మీద విసిరారు, వాళ్ళు దాన్ని ఏం చేశారు అన్న సంగతి మనం తెలుసుకోవాలి.

ఇవాళ డిక్షనరీ తీసి చూస్తే ఏముంటుంది? సినిక్ అంటే ఎదుటివాడి మంచితనాన్ని నమ్మనివాడు, ఎవడేం చేసినా సొంత లాభానికే అనుకునేవాడు, లోకం బాగుపడదని తేల్చేసుకుని కూర్చున్నవాడు. ఇదీ ఇవాళ్టి అర్థం. కానీ ఆ పేరుతో మొదట బతికినవాళ్ళు దీనికి పూర్తిగా ఎదురు తిరిగిన మనుషులు. వాళ్ళు కూర్చున్నవాళ్ళు కాదు, బజార్లో నిలబడి మొరిగినవాళ్ళు. మొరిగినవాళ్ళు అని మేము ఊరికే అనడం లేదు. ఆ మాటకు అర్థమే అది.

గ్రీకు భాషలో కుక్కను 'క్యూఓన్' అంటారు. 'కునికోస్' అంటే కుక్కలాంటివాడు. అదే లాటిన్‌లోకి పోయి, అక్కణ్ణుంచి 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి, నోళ్ళలో నలిగి 'సినిక్' అయింది. ఇంకో సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు. గ్రీకు 'క్యూఓన్', లాటిన్ 'కానిస్', ఇంగ్లీషు 'హౌండ్', సంస్కృతం 'శ్వన్' అన్నీ ఒకే మూలం నుంచి వచ్చిన అన్నదమ్ములని భాషా శాస్త్రజ్ఞులు తేల్చారు. పుస్తకాల్లో మనం 'శునకం' అని చదువుతామే, అదీ 'సినిక్' అనే మాటా చుట్టాలే. మాట దూరపుదే గాని మరీ అంత పరాయిది కాదు.

ఇంతకీ మనిషిని కుక్క అని ఎందుకన్నారు? ఎవరన్నారు? అది తెలియాలంటే ఏథెన్స్ పట్నానికి పోవాలి.

ఊరి గోడల బయట

ప్రపంచానికి ప్రజాస్వామ్యం నేర్పింది ఏథెన్స్ అని స్కూలు పుస్తకాల్లో చదువుతాం. అబద్ధం కాదు. కానీ ఆ ప్రజల్లో ఎవరెవరున్నారు? ఆడవాళ్ళకు ఓటు లేదు. బానిసలకు లేదు. పక్క ఊళ్ళ నుంచి బతకడానికొచ్చి తరాల తరబడి అక్కడే చేతిపనులు, వ్యాపారాలు చేసుకునే పరదేశులకు లేదు. ఆ పరదేశి మగవాడు ఏడాదికి 12 ద్రాక్మాలు తలపన్ను కట్టాలి. ఒక పౌరుణ్ణి తనకు పూచీగా చూపించుకోవాలి. సొంతానికి భూమి కొనుక్కునే హక్కు అతనికి లేదు.

క్రీ.పూ. 451లో పెరిక్లీస్ అనే నాయకుడు ఇంకో చట్టం తెచ్చాడు. తండ్రి ఒక్కడూ ఏథెన్స్ వాడైతే చాలదు, తల్లి కూడా ఏథెన్స్ బిడ్డే కావాలి, అప్పుడే పౌరుడు అని. తల్లి వేరే ఊరిదైతే ఆ బిడ్డ సగం మనిషి కింద లెక్క. గమనించండి, తర్వాత ఏమైందో. ప్లేగు వచ్చి పెరిక్లీస్ పెళ్ళాం కన్న కొడుకులిద్దరూ చనిపోయారు. మిగిలింది మిలేటస్ ఊరి నుంచొచ్చిన అస్పాసియాకు పుట్టిన కొడుకు. అప్పుడు ఆ పెద్దమనిషి సభలో బతిమాలుకుంటే, ఆ ఒక్క బిడ్డకు ప్రత్యేకంగా పౌరసత్వం ఇచ్చారు. చట్టం పెట్టినవాడి ఇంటి దాకా వస్తే చట్టానికి సందు దొరుకుతుంది. మిగతావాళ్ళ బిడ్డలకు దొరకదు.

ఈ సగం బిడ్డల కోసం ఊరి గోడల బయట ఒక వ్యాయామశాల ఉండేది. దాని పేరు కునోసార్గీస్. అందులోనూ 'కునో', కుక్క ఉంది. తెల్ల కుక్క అనో, చురుకైన కుక్క అనో ఆ పేరుకి అర్థం చెప్తారు. అక్కడి దేవుడు హెరాక్లీస్. ఆయన కూడా సగం బిడ్డే. తండ్రి దేవుడు, తల్లి మనిషి. దేవుణ్ణి కూడా ఆ లెక్కలో వేసి ఊరవతల పెట్టారు. పెర్షియన్ల నౌకాదళాన్ని ఓడించి ఏథెన్స్‌ని నిలబెట్టిన తెమిస్టోక్లీస్ తల్లి కూడా వేరే ఊరిదే. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు కునోసార్గీస్‌కే పోయేవాడట. పెద్దింటి కుర్రాళ్ళను కూడా మాటలతో ఒప్పించి తన వెంట అక్కడికే తీసుకుపోయి, ఆ తేడాని చెరపాలని చూశాడని ప్లూటార్క్ రాశాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దీన్ని తీసుకొచ్చి మన వెలివాడతో సమానం అనెయ్యొద్దు. అక్కడ తాకితే మైల లేదు, నీళ్ళ కాడ వేరు లేదు, పుట్టుకతో పనిని కట్టబెట్టిన శాస్త్రం లేదు. అది చట్టం చేసిన తేడా. ఇది మతం చేసిన తేడా. పోలిక చూడొచ్చు, రెండూ ఒకటే అనకూడదు.

ఆ కునోసార్గీస్‌లో పాఠం చెప్పినవాడు ఆంటిస్తనీస్. సోక్రటీసు శిష్యుడు. తండ్రి ఏథెన్స్ వాడు, తల్లి థ్రేస్ దేశపు మనిషి అని చెప్తారు. ఎవరో ఆయన తల్లి పుట్టుకను ఎత్తి పొడిస్తే, దేవతల తల్లి కూడా బయటి దేశం ఆవిడేగా అన్నాడట. ఏథెన్స్ వాళ్ళకి ఇంకో గొప్ప ఉండేది. మేము ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళం కాదు, ఈ నేలలోంచే పుట్టినవాళ్ళం అని. దానికి ఆంటిస్తనీస్ ఏమన్నాడు? నేలలోంచి పుట్టడమే గొప్పయితే నత్తలూ మిడతలూ కూడా మీ అంత గొప్ప వంశంవే అన్నాడు. పుట్టుక గొప్ప చెప్పుకునేవాడికి ఇంతకంటే మంచి జవాబు మేము వినలేదు.

సినిక్ అన్న పేరు ఈ కునోసార్గీస్ నుంచి వచ్చిందని కొందరంటారు. కాదు, కుక్క అన్న తిట్టు నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితులంటారు. ఆ తిట్టుని అందరికంటే గట్టిగా తిన్నవాడు డయోజనీస్.

చెల్లని నాణెం

డయోజనీస్ ఊరు సినోప్. నల్లసముద్రం ఒడ్డున, ఇప్పటి టర్కీలో ఉంది. తండ్రి డబ్బు మార్చే వ్యాపారి. నాణేల మీద ముద్ర చెడగొట్టారన్న నేరం మీద తండ్రి మీదో, కొడుకు మీదో, ఇద్దరి మీదనో కేసయింది. డయోజనీస్ ఊరొదిలి ఏథెన్స్ చేరాడు. ఊరు లేదు, ఇల్లు లేదు, పౌరసత్వం లేదు.

గ్రీకులో నాణేన్ని 'నోమిస్మా' అంటారు. ఆచారాన్ని, చట్టాన్ని 'నోమోస్' అంటారు. రెండూ ఒక వేరు నుంచి వచ్చినవే. నాణేనికి విలువ ఎక్కడిది? పైన ముద్ర ఉంది గనక, అందరూ ఒప్పుకున్నారు గనక. ఆచారానికి విలువ ఎక్కడిది? అదీ అంతే. డయోజనీస్ తన మీద పడ్డ నేరాన్నే తన సిద్ధాంతం చేసుకున్నాడు. సినోప్‌లో డబ్బు ముద్ర చెరిపారన్నారు గదా, ఇక నేను మీ ఆచారాల ముద్ర చెరుపుతాను అన్నాడు. పెద్ద కులం, చిన్న కులం అన్నట్టు వాళ్ళకి పౌరుడు, పరదేశి, యజమాని, బానిస, గ్రీకువాడు, అనాగరికుడు. ఇవన్నీ నాణెం మీద ముద్రలే, లోపల లోహం ఒకటే అని చూపించడం అతని పని.

గుడి పక్కన ధాన్యం, నూనె పోసుకునే పెద్ద మట్టి కాగు ఒకటి పడుంటే అందులో కాపురం పెట్టాడు. ఒంటి మీద ఒకటే దుప్పటి. చేతిలో కర్ర, భుజాన జోలె. బజార్లోనే తిన్నాడు, బజార్లోనే పడుకున్నాడు. ఒక పిల్లవాడు దోసిలితో నీళ్ళు తాగడం చూసి, నాకంటే వీడే నయం అని తన చెంబు విసిరేశాడంటారు.

అప్పుడన్నారు కుక్క అని. గ్రీకులకు కుక్క అంటే సిగ్గులేనిదని లెక్క. హోమర్ కావ్యంలో వీరుడు రాజుని తిట్టాలన్నా కుక్కతోనే పోలుస్తాడు. ప్లేటో కూడా డయోజనీస్‌ని కుక్క అన్నాడంటారు. ఒక విందులో కొందరు పెద్దింటివాళ్ళు, కుక్క గదా అని అతని ముందు ఎముకలు విసిరారు. అతను లేచి వెళ్ళి కుక్క చేసే పనే చేశాడు. వాళ్ళ మీద ఉచ్చపోసి పోయాడు. మీరు నవ్వుతున్నారు, నవ్వండి. కానీ అందులో ఉన్న లెక్క చూడండి. ఎముక విసిరినవాడు ఏమనుకున్నాడు? వీడు సిగ్గుతో తలవంచుకుంటాడు, లేదా కోపంతో నేను కుక్కను కాదు మనిషినని మొత్తుకుంటాడు అనుకున్నాడు. అతను రెండూ చెయ్యలేదు. సరే కుక్కనే, అయితే కుక్క ఏం చేస్తుందో చూడు అన్నాడు.

ఎందుకు నిన్ను కుక్క అంటారని అడిగితే, పెట్టినవాడి ముందు తోకాడిస్తాను, పెట్టనివాణ్ణి చూసి మొరుగుతాను, దుర్మార్గుణ్ణి కరుస్తాను అని జవాబు చెప్పేవాడట. అరిస్టాటిల్ తన పుస్తకంలో ఒకచోట పేరు చెప్పకుండా ఊరికే 'కుక్క' అని రాశాడు. అది ఇతనే అని అందరికీ తెలుసు. తిట్టు కాస్తా పేరైపోయింది.

తర్వాతి కాలం వ్యాఖ్యాతలు ఈ పేరుకి నాలుగు కారణాలు రాశారు. ఒకటి, కుక్కలాగా బజార్లో తిని బజార్లో బతుకుతారు. రెండు, కుక్కకు లాగే వీళ్ళకి సిగ్గు లేదు, దాపరికం లేదు. మూడు, కుక్క ఇంటిని కాపలా కాసినట్టు వీళ్ళు తమ సిద్ధాంతాన్ని కాపలా కాస్తారు. నాలుగు, కుక్కకు అయినవాడెవడో కానివాడెవడో తెలుస్తుంది, ఒకణ్ణి చూసి ఊరుకుంటుంది, ఇంకొకణ్ణి చూసి మొరుగుతుంది. చూశారా, మొదటి రెండూ తిట్లు, చివరి రెండూ గుణాలు. ఒకే జంతువులోంచి తిట్టువాళ్ళు తిట్టు తీసుకున్నారు, పేరుపెట్టుకున్నవాళ్ళు గుణం తీసుకున్నారు.

తిట్టుని లాక్కుని పేరుగా నిలబెట్టుకోవడం మనకు కొత్త సంగతి కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనాక, దాచుకోమన్న కులం పేరును వేలమంది తమ పేరు చివర బాహాటంగా రాసుకున్నారు. రాసుకున్న రోజునే ఆ మాటలో ఉన్న ముల్లు కొంత విరిగింది. ఎట్లా విరుగుతుందో మీకు మేము చెప్పక్కర్లేదు.

పట్టపగలు దీపం

డయోజనీస్ పట్టపగలు దీపం పట్టుకుని బజార్లో తిరిగిన కథ చాలామందికి తెలుసు. నిజాయితీపరుడి కోసం వెతుకుతున్నానన్నాడని చెప్తుంటారు. పాత పుస్తకంలో నిజాయితీ అన్న మాట లేదు. మనిషి కోసం వెతుకుతున్నానని మాత్రమే ఉంది. తేడా చిన్నది కాదు. చుట్టూ పౌరులున్నారు, యజమానులున్నారు, సేనాపతులున్నారు. ఆ ముద్రలన్నీ పక్కన పెడితే మిగిలే మనిషి ఎక్కడ? అదీ ప్రశ్న. నీది ఏ ఊరు అని అడిగితే, నేను లోకానికే పౌరుణ్ణి అన్నాడు. దానికి అతను వాడిన మాట 'కోస్మోపొలితీస్'. ఇంగ్లీషులో కాస్మోపాలిటన్ అంటారే, అది అక్కణ్ణుంచి వచ్చిందే. ఏ ఊరూ పౌరుడిగా ఒప్పుకోనివాడి నోట్లోంచి ఆ మాట పుట్టింది. ఇవాళ పెద్ద హోటళ్ళ బోర్డుల మీద ఉంటుంది.

అలెగ్జాండర్ కొరింత్‌కి వచ్చాడు. అందరూ పోయి దణ్ణాలు పెట్టారు. ఇతను పోలేదు. రాజే వచ్చి ఏం కావాలో కోరుకో అన్నాడు. ఎండ కాచుకుంటున్నాను, కొంచెం పక్కకి జరుగు అన్నాడు డయోజనీస్. ఈ కథని రాజు ఎంత గొప్పవాడో, ఎట్లా ఓర్చుకున్నాడో చూడండి అని కూడా చెప్తుంటారు. మేము ఇట్లా చెప్తాం. రాజు ఇవ్వగలిగింది ఏదీ అతనికి అక్కర్లేదు. రాజు ఇవ్వలేనిది, కానీ అడ్డుపడగలిగింది ఒక్కటే ఉంది, ఎండ. దానికి అడ్డు జరగమన్నాడు.

లోకంలో అన్నిటికంటే మంచిదేది అని అడిగితే 'పర్రేసియా' అన్నాడు. అంటే ఉన్నమాట భయం లేకుండా చెప్పడం. ఏథెన్స్‌లో అది పౌరుడి గొప్ప. పరదేశికి, బానిసకు సభలో నోరే లేదు. నోరు లేనివాడు నోటిని మించింది లేదన్నాడు, సభలో చోటు లేకపోతే బజార్నే సభ చేసుకున్నాడు. ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 1984లో, చనిపోయే ముందు, పారిస్‌లో చివరి ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు ఈ సినిక్‌ల గురించే ఎన్నో గంటలు చెప్పాడు. నిజాన్ని నోటితోనే కాదు, బతుకుతో చెప్పినవాళ్ళు వీళ్ళని ఆయన లెక్క.

ఈ కథల్లో ఎక్కువ భాగం క్రీ.శ. 3వ శతాబ్దంలో డయోజనీస్ లేర్షియస్ అనే ఇంకొకాయన రాసిన పుస్తకంలోవి. అంటే ఇతను చచ్చిపోయిన ఐదు వందల ఏళ్ళ తర్వాతవి. ప్రతి కథా జరిగిందే అని ప్రమాణం చెయ్యలేం. కానీ జనం ఐదు వందల ఏళ్ళు ఏ కథల్ని నోట్లో దాచుకున్నారో చూస్తే జనానికి ఏం కావాలో తెలుస్తుంది.

బానిసలు, ఆడవాళ్ళు

ఈ కుక్కల గుంపులో ఎవరెవరు చేరారు? మోనిమస్ అనేవాడు కొరింత్‌లో ఒక వడ్డీ వ్యాపారికి బానిస. డయోజనీస్ మాటలు విని పిచ్చి పట్టినట్టు నటించి, యజమాని బల్ల మీది డబ్బంతా విసిరి కొడుతుంటే, వీడితో పడలేనని యజమానే వదిలేశాడు. బయాన్ అనేవాడి తండ్రి బానిసగా బతికి విడుదలైనవాడు, ఎండుచేపలు అమ్మేవాడు. ముఖం మీద యజమాని వేయించిన వాత. తల్లి వేశ్యాగృహం నుంచి వచ్చిన మనిషి. కుటుంబం మొత్తాన్నీ అమ్మేస్తే బయాన్ కూడా బానిసయ్యాడు. తర్వాత చదువుకుని తత్వవేత్త అయ్యాడు, కొంతకాలం సినిక్‌ల దుప్పటి కప్పుకున్నాడు. గిట్టనివాళ్ళు అతని పుట్టుక గురించి రాజుకి చాడీలు చెప్పారు. రాజు నీ తల్లిదండ్రులెవరని అడిగాడు. బయాన్ ఒక్కటీ దాచకుండా అన్నీ తానే చెప్పేశాడు. దాచుకున్నవాడికే గదా భయం.

క్రేటీస్ అనేవాడు థీబ్స్‌లో ఆస్తిపరుడు. ఆస్తి వదిలేసి ఈ దారికొచ్చాడు. ఎవరి ఇంటి తలుపైనా కొట్టి లోపలికి పోయి తగువులు తీర్చేవాడట, అందుకని తలుపులు తీసేవాడు అని పేరు పెట్టారు. అతన్ని ఇష్టపడి, ఇంట్లో ఎంత వద్దన్నా వినకుండా చేసుకున్న పిల్ల హిప్పార్కియా. మగవాడు కప్పుకున్న దుప్పటే ఆవిడా కప్పుకుని, బజార్లకు, విందులకు మగాళ్ళతో సమానంగా పోయి వాదించింది. ఒక విందులో వాదనలో ఓడిపోయిన పండితుడు, మగ్గం వదిలేసి వచ్చిన ఆడది నువ్వేనా అని ఎగతాళి చేశాడు. అవును నేనే, మగ్గం ముందు పోసే కాలాన్ని చదువుకి పోశాను, తప్పా అని అడిగింది. ఆవిడ పేరు మన ఆడపిల్లలకు తెలియాలి.

తర్వాత రోమన్ల కాలంలో లూసియన్ అనే రచయిత వీళ్ళని ఎగతాళి చేస్తూ 'పారిపోయినవాళ్ళు' అని ఒక పుస్తకం రాశాడు. ఆయన బాధ ఏమిటి? చెప్పులు కుట్టేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, ఉన్ని ఏకేవాళ్ళు, బానిసలు పని మానేసి దుప్పటి కప్పుకుని తత్వవేత్తలం అని తిరుగుతున్నారు అని. వాళ్ళలో దొంగలు లేరని మేము అనం, దొంగలు ప్రతి దుప్పటి కిందా ఉంటారు. కానీ చెప్పులు కుట్టేవాడు తత్వం మాట్లాడితే ఒళ్ళుమండే జబ్బు ఎంత పాతదో చూడండి.

మొరిగినందుకు దెబ్బలు కూడా తిన్నారు. క్రీ.శ. 75లో రోములో, చక్రవర్తి కొడుకు వ్యవహారాన్ని నాటకశాలలో జనం ముందు దుమ్మెత్తిపోసినందుకు డయోజనీస్ అనే పేరున్న ఇంకో సినిక్‌ని కొరడాలతో కొట్టారు. అతని వెనక హెరాస్ అనేవాడు అదే పని చేస్తే తల తీశారు. ఏమీ నమ్మనివాడు తల ఇస్తాడా?

మనం ఒప్పుకోనిది

ఇప్పుడు రెండో వైపు. ఎవరినైనా పొగుడుకుంటూ పోవడం మన పద్ధతి కాదు.

డయోజనీస్‌కి కూడా మొదట్లో ఒక బానిస ఉండేవాడు, పేరు మేనీస్. అతను పారిపోయాడు. వెతికి పట్టుకోమని అందరూ అంటే, నేను లేకుండా మేనీస్ బతకగలిగితే, మేనీస్ లేకుండా నేను బతకలేనా, సిగ్గుచేటు అన్నాడు. బాగానే ఉంది. తర్వాత ఇతన్నే సముద్రపు దొంగలు పట్టుకుని క్రీట్‌లో బానిసగా అమ్మారని చెప్తారు. ఏం పని వచ్చు అని అడిగితే మనుషుల్ని ఏలడం వచ్చు అన్నాడట. ఇదీ బాగుంది. కానీ బానిసత్వం పోవాలి, అందరూ కలిసి దాన్ని కూల్చాలి అన్న మాట ఆ నోట రాలేదు. మనసు స్వేచ్ఛగా ఉంటే ఒంటి మీద సంకెలున్నా పర్వాలేదు అన్న దగ్గర ఆగిపోయాడు.

ఏథెన్స్ వెండి నాణేలు ఎక్కడివి? లారియం గనులవి. అక్కడ బొరియల్లో పడి బానిసలు తవ్వారు. నిసియాస్ అనే ఒక్క ధనవంతుడే వెయ్యిమంది బానిసల్ని ఆ గనులకు అద్దెకిచ్చాడని జెనొఫన్ రాశాడు. ఆ బానిసకు దుప్పటి ఒకటే, తిండి పిడికెడే, పడక నేల మీదే. డయోజనీస్ బతుకూ చూడబోతే అదే. మరి తేడా ఏమిటి? డయోజనీస్ ఎంచుకున్నాడు. బానిస మీద వేశారు. క్రేటీస్ భూమి వదిలేశాడు గనక గొప్పవాడయ్యాడు. వదలడానికి భూమి లేనివాణ్ణి ఎవరు పొగుడుతారు?

ఈ సంగతి మన కార్యకర్తలు బాగా పట్టుకోవాలి. రేపెవరో వచ్చి, చూడండి ఎంతటి జ్ఞాని, మట్టి కాగులో పడుకున్నాడు, మీకు ఇళ్ళస్థలాలు ఎందుకు, కోరికలు తగ్గించుకోండి అంటారు. అప్పుడు చెప్పండి. తిండి ఉండి ఉపవాసం ఉన్నవాడి కథ, తిండి లేక పస్తున్నవాడికి పాఠం కాదు అని. కాగులో ఒక్కడు బతకొచ్చు, వాడ మొత్తం బతకలేదు. ఒక్కడే మొరిగితే ఊరు నవ్వుకుంటుంది, నాలుగు రోజులకి అలవాటు పడుతుంది. సంఘం పెట్టుకుని అడిగితేనే ఆఫీసు తలుపు తెరుచుకుంటుంది. డయోజనీస్ దగ్గర తీసుకోవాల్సింది అతని కాగుని కాదు, అతని నోటిని.

మాట ఎట్లా తిరగబడింది

మరి మొరిగేవాడి పేరు మూలన కూర్చున్నవాడికి ఎట్లా వచ్చింది? ఒక్క రోజులో రాలేదు. ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు మొదట ఆ పాత తత్వవేత్తలకే వాడారు. ఆ శతాబ్దం పోకముందే, ఎప్పుడూ తప్పులు పట్టేవాడు అన్న అర్థం అంటుకుంది. 19వ శతాబ్దానికి, ఎవరి మంచితనాన్నీ నమ్మనివాడు అన్న అర్థం గట్టిపడింది. వాళ్ళు దేన్ని నమ్మారో దాన్ని తీసేశారు, దేన్ని కాదన్నారో దాన్ని మాత్రం మిగిల్చారు. ముద్రని కాదన్నది మనిషి కోసం. మనిషిని తీసేస్తే మిగిలింది కాదనడం ఒక్కటే.

జర్మన్ భాషలో ఈ రెండింటికీ రెండు మాటలున్నాయి. పాతదానికి 'క్యూనిస్ముస్', కొత్తదానికి 'త్స్యూనిస్ముస్'. పీటర్ స్లోటర్‌డైక్ అనే రచయిత 1983లో దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. పాతది కింది నుంచి పైవాణ్ణి చూసి నవ్విన నవ్వు. కొత్తది, అంతా తెలిసీ, తప్పని తెలిసీ, తన కుర్చీలో తాను కూర్చుని చేసుకుపోయేవాడి నవ్వు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట గనక, రెండోవాడు మొదటివాడి పేరు మింగేశాడు.

ఇప్పుడు చెప్పండి. చట్టం ఉందని తెలుసు, అది అమలు కాదని తెలుసు, తెలిసే ఫైలు పక్కన పెట్టినవాడు ఎవరు? ఎన్నికలప్పుడు మాట ఇస్తూనే అది జరగదని మనసులో నవ్వుకున్నవాడు ఎవరు? డిక్షనరీ ప్రకారం చూస్తే సినిక్ వాడు. కానీ ఆ మాట అడిగినవాడి మీద పడుతుంది. లెక్క అడిగేవాడు ఎందుకు అడుగుతాడు? లెక్క తేలుతుందన్న నమ్మకం ఉంది గనక అడుగుతాడు. నమ్మకం లేనివాడు ఇంటి దగ్గరే ఉంటాడు.

ఇంటి దగ్గర ఉండేవాళ్ళు మనలోనూ ఉన్నారు. అది కూడా చెప్పుకోవాలి. పదేళ్ళు తిరిగి, కేసులు మోసి, మన నాయకుడే అటు పోతే చూసి, అలిసిపోయి, అందరూ అంతేలే, ఎవడొచ్చినా ఇంతేలే అని అరుగు మీద కూర్చున్న అన్నలున్నారు. వాళ్ళని తిట్టడానికి మాకు నోరు రాదు. వాళ్ళ అలసట నిజం. కానీ అందరూ అంతే అన్న మాట ఎవరికి లాభమో ఒక్కసారి ఆలోచించమని అడుగుతాం. అందరూ దొంగలే అని జనం అనుకుంటే అసలు దొంగకి అంతకంటే ఏం కావాలి? అందరిలో కలిసిపోతాడు. పాత కుక్కకి అయినవాడెవడో కానివాడెవడో తెలిసేది. అందరూ ఒకటే అన్ననాడు మనం కాపలా మానేసినట్టు.

అందుకని ఒక గుర్తు పెట్టుకోండి. ఎవరైనా ఒక మాట అన్నప్పుడు, అది మనిషిని లేపుతుందా, కూర్చోబెడుతుందా అని చూడండి. ఈ ముద్ర అబద్ధం, లోపల మనిషి నిజం అని చెప్తే అది పాత సినిక్ మాట, తీసుకోండి. ముద్రా అబద్ధమే, మనిషీ అబద్ధమే, పోయి పడుకో అంటే అది కొత్త సినిక్ మాట, వదిలెయ్యండి.

డయోజనీస్ క్రీ.పూ. 323లో కొరింత్‌లో చనిపోయాడు. ఊరి ద్వారం దగ్గర అతని సమాధి మీద స్తంభం నిలబెట్టి, దాని మీద పాలరాతి కుక్కని పెట్టారని రాసి ఉంది. ఎముకలు విసిరిన పెద్దమనుషుల పేర్లు ఎక్కడా లేవు.

ఇకమీదట ఎవరైనా మిమ్మల్ని మరీ సినికల్ అంటే తల దించుకోవద్దు. ఆ మాటకి అసలు అర్థం కుక్కలాంటివాడు అని, కుక్క కాపలా కాస్తుందని చెప్పండి. చెప్పి, అడిగిన లెక్క మళ్ళీ అడగండి.

జైభీమ్.